హైదరాబాద్‌లో రోజ్‌మేరీ: కుండీలో, పొలంలో

డిసెంబర్‌లో నర్సరీ నుంచి తెచ్చిన రోజ్‌మేరీ, అంటే వంటల్లో వాసన కోసం వేసే ఆకు మొక్క, మార్చి దాకా కళకళలాడుతుంది. ఏప్రిల్, మే ఎండలకు కాస్త డీలా పడినా ఎలాగో గట్టెక్కుతుంది. ఇక ఫరవాలేదు అనుకునేసరికి జూలై ముసురు పడుతుంది, వినాయక చవితి నాటికి కుండీలో ఎండు పుల్లలు మిగులుతాయి. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో జరిగేది ఇదే. నింద మాత్రం ఎండ మీదకు పోతుంది, "ఇది చల్లటి ఊళ్ల మొక్కండీ, మనకు బతకదు" అనేస్తారు. ఇక్కడ రోజ్‌మేరీని ఎక్కువగా చంపేది వేరు దగ్గర నిలిచే తడి. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కుండీ కొనడం దగ్గర్నుంచి పొలంలో మడి తోలడం దాకా ఏది ఎలా చేయాలో తేలిగ్గా అర్థమవుతుంది.

దీని సొంత ఊరు మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న రాళ్ల గుట్టలు. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడిగా పోతుంది. వేడీ తడీ ఒకేసారి రావు. మన దగ్గర ఏడాది వాన సుమారు 800 మిల్లీమీటర్లయితే అందులో సింహభాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే కురుస్తుంది. అప్పుడు నేల ఇంకా వెచ్చగానే ఉంటుంది. వెచ్చని తడి మట్టి వేరుకుళ్లు తెప్పించే శిలీంధ్రాలకు పండగ. తులసి, పుదీనా కుటుంబానికే చెందినా, పుదీనాకు పోసినట్టు దీనికి నీళ్లు పోస్తే నెల తిరక్కుండానే పోతుంది.

మొక్క కొనేటప్పుడు

విత్తనాల జోలికి పోవద్దు. మొలకలు రావడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు, వచ్చేది కూడా నూటికి పాతికో ముప్పయ్యో. పైగా ఒక్కో మొక్క ఒక్కో రకంగా తయారవుతుంది. నవంబర్, డిసెంబర్, జనవరి నెలల్లో జానెడు ఎత్తు మొక్క కొనుక్కోవడం మేలు. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెట్టినప్పుడు బెంగళూరు నుంచి, కడియం నుంచి వచ్చినవి దొరుకుతాయి. కొనే ముందు రెండు ఆకులు నలిపి వాసన చూడండి. కర్పూరం, నీలగిరి తైలం కలిసినట్టు ఘాటుగా కొట్టాలి. అచ్చం ఇలాగే కనిపించే అలంకరణ మొక్కలు కొన్ని ఉన్నాయి, వాటికి వాసన ఉండదు.

ఇంటికి తెచ్చాక కవరు చింపి మట్టి చూడండి. ఎర్ర బంకమట్టి ముద్దలో పాతిన మొక్కలు మన నర్సరీల్లో మామూలే. ఆ ముద్ద లారీలో విరక్కుండా వస్తుందని వాళ్లకు సౌకర్యం, రోజ్‌మేరీకి మాత్రం ఉరి. ముద్దను అలాగే కొత్త కుండీలో దించితే చుట్టూ ఎంత మంచి మట్టి పోసినా నడిమధ్య తడి ఆరదు. బకెట్ నీళ్లలో ముద్దను పది నిమిషాలు నాననిచ్చి, చేతి వేళ్లతో మెల్లగా ఒత్తుతూ బయటి బంకమట్టి సగానికి పైగా వదిలించండి. వేరు తెగకుండా ఎంత వస్తే అంతే. మొత్తం కడిగేయాలని పంతం పట్టొద్దు. పూర్తిగా కొబ్బరి పొట్టులో పెరిగిన మొక్కలు వస్తే ఈ కడుగుడు అక్కర్లేదు, కానీ కొబ్బరి పొట్టు పైకి పొడిగా కనిపిస్తూ లోపల తడి దాచుకుంటుంది కాబట్టి వదులుగా ఉన్నంత మేరకు దులిపేయండి.

కుండీ, మట్టి, చోటు

10 లేదా 12 అంగుళాల మట్టి కుండీ తీసుకోండి. రంగు వేసినది వద్దు, గోడలోంచి తడి బయటకు ఆరాలి. మొక్క మరీ చిన్నదైతే ముందు ఇంతకంటే చిన్న కుండీ చాలు, ఏడాది తర్వాత ఈ కొలతకు మార్చుకోవచ్చు. చిన్న మొక్కకు మరీ పెద్ద కుండీ పెడితే వేరు చేరని మట్టి తడిగానే ఉండిపోతుంది.

మట్టి పాళ్లు: ఎర్రమట్టి రెండు, ముతక ఇసుక రెండు, బాగా మాగిన వర్మీ కంపోస్టు ఒకటి. ఇసుక బదులు 6 మిల్లీమీటర్ల చిన్న కంకర కడిగి వేసినా బాగుంటుంది. పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి గుళికలు) దొరికితే మంచిదే, కొనక తప్పదని మాత్రం లేదు. మేడ మీద కూరగాయలకు కలిపే కొబ్బరి పొట్టు, పేడ ఎరువు మిశ్రమం దీనికి పనికిరాదు. విదేశీ పుస్తకాలు సున్నం కలపమంటాయి. మన బోరు నీళ్లలోనే కావలసినంత సున్నం ఉంటుంది, వేరే వేయక్కర్లేదు. పీహెచ్ 6 నుంచి 7.5 దాకా మొక్క హాయిగా పెరుగుతుంది.

నాటాక పరీక్ష పెట్టండి. కుండీ నిండా ఒక మగ్గు నీళ్లు పోస్తే అర నిమిషంలో కింద రంధ్రంలోంచి కారడం మొదలవ్వాలి. పైన మడుగు కట్టి నిలబడిందంటే మొహమాటపడకుండా మట్టి తీసి ఇంకో రెండు గుప్పిళ్ల కంకర కలపండి. కుండీ కింద పళ్లెం పెట్టొద్దు. మూడు ఇటుక ముక్కల మీద ఎత్తి పెడితే నీరు పోతుంది, గాలి ఆడుతుంది, మే నెలలో కాలే స్లాబు వేడి వేరుకు తగలదు.

ఎండ రోజుకు ఆరు గంటలు కావాలి. తూర్పు బాల్కనీ మంచిది, దక్షిణం ఇంకా మంచిది. ఉత్తరం బాల్కనీ ఫ్లాట్‌లో ఉండేవాళ్లు ఈ మొక్క మీద ఆశ వదులుకుని పుదీనా వేసుకుంటే సుఖం. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ మొదటి వానల దాకా మధ్యాహ్నం ఎండ 42 డిగ్రీలు తాకే రోజుల్లో 35 లేదా 50 శాతం షేడ్ నెట్ కట్టండి, లేదా ఉదయం ఎండ మాత్రమే తగిలే మూలకు జరపండి. వంటింటి కిటికీ గట్టు మీద పెడితే నాలుగు రోజులు అందంగా ఉంటుంది, ఆ తర్వాత వెలుతురు చాలక పొడుగ్గా సాగి పాలిపోతుంది.

నీళ్లు

వారానికి ఇన్నిసార్లు అని లెక్క కట్టి పోయకండి. వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చండి. వేలికి మట్టి అంటుకుంటే వద్దు, పొడిగా రాలితే పోయండి. పోసినప్పుడు కింద నుంచి కారేదాకా పోయాలి. చలికాలంలో అది నాలుగైదు రోజులకోసారి కావచ్చు, మే నెలలో మట్టి కుండీకి రోజూ కావచ్చు.

అందరూ పప్పులో కాలేసేది ఒక చోట. వేరు కుళ్లిన మొక్కా, దాహంతో ఉన్న మొక్కా పైకి ఒకేలా వాడిపోతాయి. వాడింది కదా అని నీళ్లు పోస్తారు, చచ్చిపోయే మొక్కను ఇంకాస్త ముంచుతారు. తేడా ఇలా కనిపెట్టాలి: కుండీ ఎత్తితే తేలిగ్గా ఉండి, మట్టి అంచులు కుండీ గోడను వదిలేసి ఉంటే దాహం. కుండీ బరువుగా ఉండి, అడుగు ఆకులు నల్లబడుతూ కొమ్మ మొదలు గోధుమ రంగుకు తిరుగుతుంటే కుళ్లు. వేలితో మట్టి కదిపితే మురుగు వాసన వస్తుంది. అప్పుడు నీళ్లు ఆపి, పచ్చగా మిగిలిన చివర్లు కత్తిరించి కొత్త మొక్కలకు వాడుకోవడమే దారి.

బోరు నీళ్లు వాడేవాళ్లకు కుండీ అంచున తెల్లటి పెచ్చు, ఆకు కొసలు మాడటం కనిపిస్తాయి. అది ఉప్పు పేరుకోవడం. మొదటి వాన వచ్చినప్పుడు ఒకసారి కుండీ బయట పెట్టి బాగా తడవనిస్తే ఆ ఉప్పు కడుక్కుపోతుంది. ఒక్కసారే, ముసురంతా కాదు.

వానాకాలం గట్టెక్కించడం

జూన్ మొదట్లో మొక్క లోపలి కొమ్మలు కొన్ని తీసేసి గాలి ఆడేలా పలచన చేయండి. మట్టి మీద ఒక అంగుళం మందాన కంకర పరిస్తే వాన చినుకులకు మట్టి ఎగిరి అడుగు ఆకులకు అంటదు. తర్వాత కుండీని సజ్జ కిందకు, అంటే వెలుతురు పడి వాన పడని చోటికి మార్చండి. ఈ నాలుగు నెలలు ఎరువు వేయొద్దు. నీళ్లు ఎప్పుడు అవసరమో వేలు చెబుతుంది. ఆగస్టులో వారం పది రోజులు అసలు పోయాల్సిన పనే పడకపోవచ్చు. ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తే బూడిద తెగులు. అది ఎక్కువగా గాలి ఆడని మూలల్లో వస్తుంది, చోటు మార్చి ఆ కొమ్మలు తీసేస్తే చాలావరకు సర్దుకుంటుంది. వేసవిలో ఆకులు దుమ్ము పట్టినట్టు మచ్చలు పడితే ఎర్రనల్లి అనే చిన్న పురుగు. ఉదయం పూట ఆకు అడుగున నీళ్లు బలంగా కొట్టండి, తగ్గకపోతే వేపనూనె.

కత్తిరింపు, కొత్త మొక్కలు

కోసేకొద్దీ గుబురవుతుంది. కానీ ఒక హద్దుంది: ఆకులు లేని ముదురు కట్టె దాకా కోస్తే ఆ కొమ్మ మళ్లీ చిగురించదు. ఎప్పుడు కోసినా కింద కొంత పచ్చ ఆకు మిగలాలి, ఒకేసారి మూడో వంతుకు మించి తీయకూడదు. ఏప్రిల్, మే నెలల్లో కూరకు నాలుగు రెమ్మలు తప్ప గట్టి కత్తిరింపు వద్దు.

ఏటా రెండు మూడు కొత్త మొక్కలు తయారు చేసి పెట్టుకుంటే పాతది పోయినా టెన్షన్ ఉండదు. అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి మొదటి దాకా అదను. పూత లేని కొమ్మ చివర నుంచి 10-12 సెంటీమీటర్ల ముక్క తీసుకోండి. మరీ లేతది కుళ్లుతుంది, మరీ ముదురుది వేరు తొడగదు. వంచితే విల్లులా వంగాలి, ఇంకాస్త వంచితే టప్పున విరగాలి, ఆ పదును సరైనది. ఆకు కణుపు కిందుగా పదునైన కత్తితో కోసి, కింది సగం ఆకులు దూసేయండి. వేరు తొడిగించే పొడి ఉంటే చివర అద్దండి, లేకపోయినా చాలా ముక్కలు పట్టుకుంటాయి. ఇసుక, కొబ్బరి పొట్టు సగం సగం కలిపిన గ్లాసులో రెండు అంగుళాలు దించి, నీడ వెలుతురులో పెట్టండి. మొదటి వారం ఏమీ జరిగినట్టు ఉండదు. కోసిన చోట ముందు ఆవగింజంత తెల్లటి బుడిపె కడుతుంది, దానిలోంచి వేరు పొడుస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలకు ముక్కను వేలితో మెల్లగా లాగితే లోపల నుంచి ఎదురు లాగినట్టు అనిపిస్తుంది. అప్పుడు కుండీకి మార్చండి. ప్రతిరోజూ పీకి చూసేవాళ్లకు వేరు రాదు! సూపర్ మార్కెట్‌లో వంటకు అమ్మే తాజా రెమ్మల కట్ట నుంచి కూడా ముక్కలు పెట్టుకోవచ్చు, నల్లబడనివి ఏరుకుంటే చాలు.

అమ్మకానికి పెంచాలనుకుంటే

ఇక్కడ కాస్త నెమ్మదిగా ఆలోచించాలి. జుట్టుకు రోజ్‌మేరీ నూనె అంటూ రీల్స్ మొదలయ్యాక "ఎకరానికి లక్షలు" అనే మాట కూడా మొదలైంది. నూనె లెక్క ముందు చూద్దాం. మన దేశంలో ఈ పంటకు పేరుపడ్డది నీలగిరులు. అక్కడి చల్లదనంలో హెక్టారుకు ఏడాదికి సుమారు 12 నుంచి 15 టన్నుల పచ్చి రొట్ట (కోసిన ఆకు, రెమ్మలు), దాని నుంచి 85 నుంచి 100 కిలోల నూనె వస్తుందని వ్యవసాయ లెక్కలు. ఎకరానికి చూస్తే 35-40 కిలోలు. హైదరాబాద్ చుట్టుపక్కల మేలో ఎదుగుదల ఆగుతుంది, వానల్లో మొక్కలు పోతాయి, కాబట్టి అంత దిగుబడి ఆశ పెట్టుకోకూడదు. పైగా అంతర్జాతీయ మార్కెట్‌కు నూనె వచ్చేది మొరాకో, ట్యునీషియా, స్పెయిన్ నుంచి, చాలాచోట్ల అడవి గుట్టల మీద దానంతటదే పెరిగిన పొదల్లోంచి. సాగు ఖర్చు లేని ఆ నూనెతో ధరలో పోటీ పడాలి. ఎకరం రొట్ట కోసం బాయిలర్, ఆవిరితో నూనె తీసే యూనిట్ కొంటే కోత అయిన నాలుగు రోజులు తప్ప ఏడాదంతా అది తుప్పు పడుతూ కూర్చుంటుంది. దగ్గర్లో నిమ్మగడ్డి, పామరోజా (నూనె తీసే మరో వాసన గడ్డి) రైతుల యూనిట్ ఉండి అద్దెకు ఇస్తే అప్పుడు నూనె సంగతి చూడొచ్చు.

నగరం పక్కన పొలం ఉన్నవాడికి అనుకూలం వేరే ఉంది. వంటకు తాజా రెమ్మలు, ఎండు ఆకు, కుండీ మొక్కలు. ఈ మూడింట్లో నా ఓటు కుండీ మొక్కలకే. ఒక రెమ్మ వంటింట్లోకి పోతే దాని ధర రెమ్మ ధరే, అదే రెమ్మ వేరు తొడిగి కుండీలో కూర్చుంటే దాని ధర ఎన్నో రెట్లు.

అందుకని ఎకరంతో మొదలుపెట్టకండి. రెండు మూడు గుంటలు చాలు. నేల ఎర్ర చెల్క, అంటే ఇసుక పాలు ఉన్న ఎర్రనేల, అయితే అదృష్టం. శామీర్‌పేట, శంషాబాద్ వైపు అలాంటి నేలలు దొరుకుతాయి. వికారాబాద్, జహీరాబాద్ వైపు నల్లరేగడి ఉంటే ఈ పంట పెట్టొద్దు, ఎన్ని కాలువలు తీసినా ఆ నేల వానాకాలంలో తడి వదలదు. మట్టి, బోరు నీళ్లు రెండూ పరీక్ష చేయించండి. రాజేంద్రనగర్‌లో ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన స్థానం ఉంది, బోడుప్పల్‌లో సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రం ఉంది. రెండు చోట్లా నేరుగా వెళ్లి మాట్లాడి రావడం మంచిది. సీమ్యాప్ వారి రకం సిమ్ హరియాలీ, ఊటీ తోటల పరిశోధన కేంద్రం రకం ఊటీ 1. నాటే సామగ్రి ఎక్కడ దొరుకుతుందో అక్కడే అడగండి. ఏ రకమో చెప్పకుండా ఆన్‌లైన్‌లో వేలకొద్దీ నారు అమ్మేవాళ్ల దగ్గర ముందు పది మొక్కలు తెప్పించి చూడండి.

మడులు మీటరు వెడల్పు, కనీసం 30 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మధ్యలో అర మీటరు కాలువ, దాని వాలు పొలం బయటకు. ఇది ఎండాకాలంలో దండగ పనిలా కనిపిస్తుంది, ఆగస్టులో తోటను కాపాడేది ఇదే. ఎకరానికి ఐదారు టన్నుల మాగిన పశువుల ఎరువు, దానిలో వేపపిండి, ట్రైకోడెర్మా (వేరుకుళ్లును అదుపు చేసే మేలు శిలీంధ్రం) కలిపి పది రోజులు తడిపి ఉంచి చల్లుకోవాలి. నత్రజని ఎక్కువైతే కొమ్మ లేతగా సాగుతుంది, వాసన తగ్గుతుంది, తెగులు పట్టుకుంటుంది. యూరియా సంచి దగ్గర చేయి వెనక్కి తీసుకోండి. మడికి రెండు వరుసలు, మొక్కకూ మొక్కకూ 45 సెంటీమీటర్లు. ఈ లెక్కన గుంటకు దాదాపు 300 మొక్కలు, ఎకరానికి 12,000. నాటే సమయం దసరా, దీపావళి మధ్య, వానలు వెనక్కి తగ్గాక. అప్పుడు నాటితే మేలోపు వేరు లోతుకు దిగుతుంది. జూన్‌లో నాటడం మన కూరగాయల అలవాటు, దీనికి కుదరదు.

డ్రిప్ తప్పనిసరి. నీటి చుక్కలు వదిలే లేటరల్ పైపు మొక్క మొదలుకు ఆనించకుండా పది సెంటీమీటర్లు పక్కగా పరవండి. మడి మీద మల్చింగ్ షీట్ (నేలను కప్పే ప్లాస్టిక్ పట్టా) వేస్తే కలుపు బాధ తగ్గుతుంది, వాన నీరు నేరుగా మడిలోకి దిగకుండా కాలువలోకి జారిపోతుంది. వరిగడ్డి పరవొద్దు, మొదలు దగ్గర తడి పట్టి ఉంచుతుంది. ఒక మొక్క హఠాత్తుగా ఎండితే పక్కదాన్ని చూస్తూ కూర్చోకుండా వేరుతో సహా పీకి పొలం బయట కాల్చేయండి, ఆ గుంతలో ఆ ఏడాది మళ్లీ నాటొద్దు.

కోత

నాటాక ఎనిమిది నెలల వరకు పెద్ద కోత అనుకోవద్దు. మొదటి ఫిబ్రవరిలో చివర్లు గిల్లితే కొమ్మలు పెరుగుతాయి, ఆ గిల్లినవే నారు ముక్కలకు పనికొస్తాయి. రెండో ఏడాది నుంచి వానలు వెళ్లాక ఒకటి, జనవరి-ఫిబ్రవరిలో ఒకటి చొప్పున రెండు కోతలు నమ్మకంగా అనుకోవచ్చు. కొండ ప్రాంతాల్లో మూడు నాలుగు వస్తాయి, ఆ లెక్క మనకు పెట్టుకోకండి.

తాజా అమ్మకానికి మంచు ఆరాక, ఎండ ముదరక ముందు పై 15 సెంటీమీటర్ల రెమ్మలు కోయండి. కడగొద్దు. నీడలో ఏరి చిన్న ప్యాకెట్లు కట్టి చల్లగా ఉంచితే రెండు వారాలు నిలుస్తుంది. ఎండబెట్టాలంటే ఎండలో కాదు, గాలి ఆడే నీడ గదిలో వలల మీద పలచగా పరవాలి. 40 డిగ్రీలు దాటితే వాసన నూనె ఆవిరైపోతుంది. నాలుగైదు కిలోల పచ్చిదానికి కిలో ఎండుది వస్తుంది, అందులోంచి కాడలు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. కాడను రెండు వేళ్ల మధ్య పట్టి వెనక్కి లాగితే ఆకులు గలగలమని రాలాలి. మెత్తగా వంగితే ఇంకా ఎండలేదన్నమాట, డబ్బాలో పోస్తే బూజు పడుతుంది. డిసెంబర్, జనవరి పొడి గాలి ఈ పనికి బాగుంటుంది, వానాకాలంలో డ్రయ్యర్ లేకుండా చేయలేం.

కొనేవాళ్లు

మొక్కలు నాటక ముందే కొనేవాళ్ల దగ్గరకు వెళ్లండి. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు కేఫ్‌లు, బేకరీలు, హోటళ్లు రోజ్‌మేరీ వాడతాయి, కానీ ఒక్కొక్కరికి వారానికి కావలసింది కిలోల్లో ఉండదు, గ్రాముల్లో ఉంటుంది. హోటల్‌లో చెఫ్ నచ్చిందంటే సరిపోదు, బిల్లు పాస్ చేసే పర్చేజ్ వాళ్లతో మాట్లాడాలి. డబ్బు చేతికి రావడానికి నెల, నెలన్నర పడుతుందని ముందే అనుకోండి. వాళ్లకు ఏడాది పొడవునా సరుకు కావాలి, మీ దగ్గర జూలై, ఆగస్టులో ఉండదు. అందుకే బేసిల్, థైమ్, సెలెరీ వంటివి ఇప్పటికే సరఫరా చేసే వ్యాపారికి ఇవ్వడం చిన్న రైతుకు తేలిక. రేటు తగ్గుతుంది, తిరుగుడు తప్పుతుంది. కుండీ మొక్కలకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గేటెడ్ కమ్యూనిటీల వారాంతపు సంతలు, నర్సరీలు. ప్రతి మొక్కతో వానాకాలంలో ఏం చేయాలో తెలుగులో రాసిన చిన్న చీటీ ఇవ్వండి, మొక్క బతికితే ఆ మనిషి వచ్చే ఏడాది ఇంకోటి కొంటాడు, చస్తే ఇంక రాడు.

జుట్టు సంగతి అడగని వాళ్లు ఉండరు. 2015లో వచ్చిన ఒక పరిశీలనలో 100 మంది మీద ఆరు నెలలు చూస్తే రోజ్‌మేరీ నూనె ఫలితం 2 శాతం మినాక్సిడిల్‌కు (జుట్టు రాలితే తలకు రాసే మందు) దగ్గరగా కనిపించింది. ఒక చిన్న పరిశీలన అంతే. జుట్టు ఖాయంగా వస్తుందని సంచి మీద రాసి అమ్మకండి. ఆవిరితో తీసిన అసలు నూనె చాలా గాఢమైనది. దాన్ని కొబ్బరి నూనె లాంటిదానిలో కొద్ది చుక్కలు కలిపే రాసుకోవాలి, తాగకూడదు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడొద్దు.

ఎండు ఆకు తినే సరుకు కింద వస్తుంది, ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు, బరువు, ప్యాక్ చేసిన తేదీ ఉండాలి. తలనూనె తయారు చేసి అమ్మితే అది సౌందర్య సాధనం, దానికి ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు వేరే తీసుకోవాలి. ఇంట్లో గిన్నెలో కాచి సీసాల్లో పోసి అమ్మడం కుదరదు. పచ్చి రెమ్మలు, మొక్కలు అమ్మినంత కాలం ఈ రెండు కాగితాల గొడవ చాలావరకు ఉండదు, మొదటి రెండేళ్లు అక్కడే ఆగడం నయం.